తలుపుల్లేని తొమ్మిదేళ్లు

మొదటి ఏడు మాకున్నవి
నాలుగు మేకులూ, వాటి చుట్టూ ఒక నైలాన్ తాడూ.
ఎబో తాడు దాటేముందు చెప్పులు విప్పాడు.
"ఇదీ హాలు," అన్నాడు
మోకాలెత్తు గడ్డిలో నిలబడి.
కవలలు, పాన్యిన్, కాక్రా,
లోపలికీ బయటికీ గెంతుతూనే ఉన్నారు
ఎటు లోపలో తేలక.

సెకొండి రేవులో చేపలు పొగబెడతాను నేను.
వల నిండితే సిమెంటు.
నిండకపోతే సిమెంటు గురించి మాటలు.
ఒక ఆగస్టులో కవళ్లు విరగబడి
నూట ఇరవై దిమ్మెలు పోయించాం.
కాక్రా మలేరియాతో పడుకున్న ఏడు
ఒక్కటీ లేదు.
పునాది మధ్య కర్రపెండలం మొలిచింది, ఎవరు నాటారో,
తవ్వుకుని తిన్నాం.
మునిసిపాలిటీ వాళ్లొచ్చి ఎర్ర రంగుతో
పని ఆపమని గోడ మీద రాసి పోయారు.
మేం ఆపేదేముంది,
అదే ఆగిపోయి రెండేళ్లయింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక
ఇస్త్రీ బట్టల్లోనే ట్రోట్రో ఎక్కి వెళ్లేవాళ్లం,
ఆస్పత్రిలో చుట్టాన్ని చూడబోయినట్టు.
కాస్త ఒళ్లు చేసిందా, లేదా అని.

ఇనుప చువ్వలు దొంగలెత్తుకుపోయాక
కాపలాకి అతింగాని పెట్టాం.
బొల్గటాంగా నుంచి వచ్చాడు,
ఒక చాపా, ఒక కుండా, భార్య లరిబా.
జీతం లేదు, అద్దె లేదు.
ఒక గది మీద నాలుగు రేకులు పరిచి
పైన రాళ్లు పెట్టుకున్నారు.

లరిబా అంటే బుధవారం పుట్టిందట.
మేం ఆదివారపు మనుషులం.
మిగతా ఆరు రోజులూ ఇల్లు ఆమెది.
మా పడగ్గది కాబోయేచోట వండుకుంది,
నా వంటింట్లో వాళ్ల మేక ఈనింది,
హాల్లో, సిమెంటు బస్తాల కాగితం మీద,
ఒక వానరాత్రి ఆమెకి పిల్ల పుట్టింది.
మేం వెళ్లేసరికి
ఇంటి తొలి ఏడుపు అయిపోయింది.

కోపం వచ్చింది నాకు.
ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే కోపం కాదది.
మేస్త్రీ కోసం తెచ్చిన పొగచేపలు రెండూ
ఆమె ఒళ్లో పెట్టి
పిల్ల పేరడిగాను.
అయింపోకా.

తొమ్మిదో ఏడు రేకులన్నీ పడ్డాయి.
లరిబా నన్ను గదిగదికీ తిప్పింది.
"మార్చి గాలివాన ఈ కిటికీలోంచే,
మంచం ఇటు వెయ్యకు.
ఈ మూల చీమలు, బూడిద చల్లు.
తెల్లారగట్ల నాలుగింటికి
సముద్రం చప్పుడు ఒక గోడలోనే వినిపిస్తుంది,
మిగతావి చెవిటివి."
ఇల్లు అద్దెకడగడానికొచ్చినదానిలా
తలూపుతూ విన్నాను.
ఏ గోడో అడగాలని తోచలేదు.

తలుపు బిగించిన రోజే వాళ్ల మూట బయటికొచ్చింది.
రెండు వీధుల అవతల
ఎవరివో కప్పులేని గోడలు
అతింగా కోసం చూస్తున్నాయి.
అయింపోకాకి అప్పటికి మూడేళ్లు.
పుట్టినప్పట్నించీ పరిగెత్తుతూ దూరిన చోట
ఇవాళ ఒక చెక్క.
తాకింది. వాసన చూసింది.
రెండు చేతులా తోసింది.
లోపల మేం.
ఎబో తాళంచెవి కోసం
ఆ జేబూ ఈ జేబూ తడుముకుంటున్నాడు.
అవతల లరిబా
మెత్తగా ఏదో అంది వాళ్ల భాషలో.
చిన్న అడుగుల చప్పుడు
కంకర మీదుగా వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాలుగింటికి లేచాను.
పిల్లలు కొత్త గదిలో
పాత అలవాటుకొద్దీ ఒకే మూల ముడుచుకున్నారు.
గోడకి చెవి ఆనించాను.
పచ్చి సున్నం వాసన, చల్లదనం.
ఇంకేం లేదు.
ఇది కాదు.
చీకట్లో చేత్తో తడుముకుంటూ
పక్క గోడ దాకా నడిచాను.